సగం గీత దగ్గర కేక

పోయినవారం మనం నా పాత జట్టు నేస్తం డెల్ఫీన్ వంటింట్లో ఆగాం. బల్ల మీద ఒక పాత క్యాసెట్ తిరుగుతోంది. డెల్ఫీన్ మేనమామ ఎప్పుడో రేడియోలోంచి పట్టి దాచిన ఆట అది. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఇరవై ఏడేళ్ళ కిందట, ఒమాహాలో, మా ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్ మొట్టమొదటి ఆల్‌స్టార్ ఆటలో, ఆఖరి ఏడు సెకన్లలో, చేతిలో బంతి, ఎదురుగా ఖాళీ కోర్టు ఉండి కూడా సగం గీత దగ్గర కొయ్యబారిపోయిన మనిషిని నేనే. ఆర్డిస్ వాండర్‌ప్లూగ్ అంటారు నన్ను. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయని లోకమంతా అంది, నేనూ నమ్మాను. క్యాసెట్ ఇంకో మాట చెప్పింది. రేడియో ఆయన గొంతు వెనక, జనం హోరు వెనక, ఒక ఆడగొంతు. "గీతరోయ్!" అని ఒకే ఒక్క కేక. నా బూట్లు కీచుమన్నది ఆ తర్వాతే.

ఆ కేక ఏమిటో తెలియాలంటే అయోవాలో పుట్టాలి. మా దగ్గర ఆడపిల్లల ఆట వేరు. జట్టుకి ఆరుగురం. ముగ్గురు ఫార్వర్డులు ఒక సగంలో ఉండి బుట్టలో బంతి వేస్తారు. ముగ్గురు గార్డులం రెండో సగంలో ఉండి ఎదుటివాళ్ళని అడ్డుకుంటాం. సగం గీత దాటే హక్కు ఏ ఒక్కరికీ లేదు. వేలు దాటినా విజిలే, బంతి అవతలివాళ్ళ పాలు. పాత ఆటలో పదేళ్ళు గార్డుగా ఉండి నేను ఒక్క బంతి కూడా బుట్టలో వేసి ఎరగను. ఊపు మీద పిల్ల గీత మీదికి వెళ్ళిపోతుంటే బెంచీ మీంచి, గ్యాలరీలోంచి, ఎవరు ముందు చూస్తే వాళ్ళు "గీతరోయ్!" అని అరిచేవాళ్ళు. అరుపు పడిందంటే కాళ్ళు కట్టేసినట్టు ఆగిపోవాల్సిందే. మా హార్లో ఊళ్ళో శుక్రవారం సాయంత్రమైతే మంగలి దుకాణం దగ్గర్నుంచి అన్నీ మూసి జనం జిమ్‌లోనే ఉండేవాళ్ళు. అలా పదేళ్ళు పెరిగిన కాళ్ళు నావి. లీగ్‌లో మాత్రం అయిదుగురి ఆట, గీత ఎవరైనా దాటొచ్చు.

ఒమాహా హాల్లో ఆ కేక తెలిసిన ఆడది, నేను కాక, ఇంకొకతే ఉందనుకున్నాను. మార్వా టీలింగ్. హార్లోలో నేను గార్డుని, అది ఫార్వర్డు. ఒకే బస్సు, ఒకే బెంచీ, మా అమ్మ పెట్టిందే ఇద్దరికీ తిండి, ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్ళం. లీగ్ పుట్టాక దాన్ని వేరే ఊరి జట్టు తీసుకుంది. ఆల్‌స్టార్ ఆటకి నేను ఇటు, అది అటు. ఆ రోజు నేను బంతి లాక్కున్నదీ దాని చేతుల్లోంచే. నా వెనక పరిగెత్తుకొచ్చిందీ అదే. ఒక్క పాయింటు తేడాతో మేం ఓడాం. ఆట మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి మార్వా టీలింగ్ అని ప్రకటించి కప్పు ఇచ్చారు.

ఆ కప్పు పుణ్యమా అని దానికి దారులన్నీ తెరుచుకున్నాయి. మా లీగ్ మూడో ఏట మూతపడింది. ఆల్‌స్టార్ అన్న మాటే పద్దెనిమిదేళ్ళు వినపడలేదు. మొదటి ఆటకి మాకు జెర్సీలే లేవు, మగజట్టు వదిలేసినవి ఇస్తే మధ్యాహ్నమంతా హోటల్ గదిలో కూర్చుని నంబర్లు మేమే కుట్టుకున్నాం. నా అయిదో నంబరు డెల్ఫీన్ కుట్టింది, కాస్త వంకరగా. కొత్త లీగ్ వచ్చాక ఆల్‌స్టార్ అంటే జూలై నెల, నిండిన హాలు, టీవీ. టీవీలో వ్యాఖ్యానం ఎవరు? మార్వానే. ఆట సగంలో విరామం వస్తే చాలు, నా కథ ఎత్తుకునేది. "మా ఊళ్ళో ఒక పిల్ల ఉండేది, దాని బుర్ర పదమన్నా కాళ్ళు వినేవి కావు" అని మొదలెట్టి, కుర్చీలోంచి లేచి, నేను ఆగిపోయినట్టే ఆగి చూపించేది. ఏడేళ్ళుగా ప్రతి జూలైలో దేశమంతా నా కాళ్ళని చూసి నవ్వింది. మా ఊరి పోస్టాఫీసులో కూడా నా పేరు కాళ్ళమ్మే.

ఇదంతా ఇప్పుడు చెప్పడం ఎందుకంటే, మొన్న శనివారం మధ్యాహ్నం మూడింటికి డెమోయిన్ ఆటల హాల్లో ఒక గోడ మీద తెర తీసే ఏర్పాటు చేశారు. ఆడవాళ్ళ ఆల్‌స్టార్ ఆటలన్నిటి ఫొటోలూ వరసగా పెట్టిన గోడ. మొట్టమొదటిది మాది. ఫొటోలో నేను, గీత, చేతిలో బంతి. కింద ఇత్తడి పలక మీద చెక్కిన మాటలు: "గీత దాటలేని గార్డు." ఫొటోలకి రాతలు రాసిన సంఘానికి పెద్ద ఎవరో వేరే చెప్పాలా? జూలైలో చెప్పే కబుర్లు ఆగస్టుకి పోతాయి. ఇత్తడి పోదు. నేను పోయాక కూడా బడిపిల్లలు వరసగా వచ్చి చదివి నవ్వుకుని పోతారు. ఆ పలక దిగాలి. దాన్ని దింపించే మాట మార్వా నోటితోనే, అందరి ముందూ రావాలి. అంతకు తక్కువకి ఒప్పుకునేది లేదని క్యాసెట్టూ, అది వినిపించే మిషనూ సంచిలో వేసుకుని బయల్దేరాను.

అమ్మని కూడా తీసుకెళ్ళాను. అమ్మ పేరు వెల్డా, డెబ్బై ఆరేళ్ళు. నా బడి రోజుల్లో ఒక్క శుక్రవారం ఆట మానేది కాదు. ఒమాహాకి కూడా మంచులో బస్సెక్కి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ ఏ జిమ్‌లోనూ అడుగు పెట్టలేదు, ఆ ఆట గురించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కూతురు పరువు తీసిందని సిగ్గేమో అనుకున్నాను. అడగలేదు. అది కూడా మార్వా లెక్కలోనే వేసి ఉంచాను.

"నాకెందుకే ఆర్డీ ఆ గోడలూ ఆ తెరలూ. స్వెట్టరు చెయ్యి సగంలో ఉంది" అంది కారెక్కుతూ.

"స్వెట్టరు అక్కడ కూర్చుని అల్లుకో. ఇవాళ నువ్వు చూడాల్సింది ఒకటుందమ్మా."

హాలు కింద గదిలో వచ్చినవాళ్ళందరికీ చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల వేడి కూర, నంజుకోవడానికి దాల్చినచెక్క రొట్టె పెట్టారు. అమ్మ రొట్టె తుంపి చిల్లీలో ముంచకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. ఎముకలు కొరికే చలి కదా, ఆకలి లేదేమో అనుకున్నాను. మూడో వరసలో, సగం గీతకి తిన్నగా, అన్నీ కనిపించే కుర్చీ చూసి కూర్చోబెట్టి నేను బట్టలు మార్చుకునే గదికి వెళ్ళాను. తెర తీసే ముందు పాత ఆటగత్తెలం పదిమందిమీ సరదాగా ఆరు నిమిషాలు ఆడాలని ఏర్పాటు.

మార్వా అప్పటికే బల్ల మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటోంది. ఆడుతూనే కబుర్లు చెప్తుందని కాలరుకి చిన్న మైకు పెట్టారు. ఇంకా ఆన్ చెయ్యలేదు.

"ఏమే కాళ్ళమ్మా! మోకాళ్ళు బానే ఉన్నాయా?"

"కాళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి. చెవులే కొత్తగా పనిచేస్తున్నాయి."

క్యాసెట్ మిషను దాని బూట్ల పక్కన పెట్టి మీట నొక్కాను. జనం హోరు, రేడియో ఆయన రొప్పు, కేక, కీచు. లేసు కడుతున్న చేతులు ఆగిపోయాయి.

"మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాను. ఈసారి కళ్ళు మూసుకుని వింది. టీవీలో పూసుకునే రంగు కింద మొహం పాలిపోవడం నా కళ్ళతో నేను చూశాను. అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది నాకు.

"ఇంకెవరు విన్నారే?"

"నేనూ డెల్ఫీనూ. ఇంకో గంటలో ఊరంతా వింటుంది."

"మీ అమ్మ విందా?"

"వినలేదు. మూడో వరసలో కూర్చోబెట్టాను. నీ భాగోతం చూడ్డానికే తెచ్చాను."

మార్వా లేచి తలుపు దగ్గరికి వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసి వచ్చింది. "ఆర్డీ" అంది. ఆ పేరుతో అది నన్ను పిలిచి ఇరవై ఏడేళ్ళయింది. "ఆ పలక తీయించేస్తాను. ఇప్పుడే, తెర తీసేలోపే. నీకేం కావాలో అది రాయించుకో. టేపు మాత్రం నాకిచ్చెయ్."

"అందితే జుట్టు, అందకపోతే కాళ్ళూనా? ఇన్నేళ్ళూ నా జుట్టు పట్టుకుని ఊరంతా తిప్పావు కదే!"

"తిప్పాను. తప్పే. ఆ కథ అమ్ముకునే తిన్నాను, కాదనను. కానీ ఇది వదిలెయ్. నా మాట విను."

"అరిచావా లేదా? అది చెప్పు."

"అరవలేదంటే నమ్ముతావా?"

"చచ్చినా నమ్మను."

"మరెందుకే అడగడం?" అని విసురుగా తువ్వాలు తీసుకుని వెళ్ళిపోయింది. దొరికిపోయిన దొంగ ఇలాగే మాట్లాడుతుంది అనుకున్నాను.

వసారాలో డెల్ఫీన్ నాకోసం కాచుకుని ఉంది. ఒమాహా మనిషి, ఆ రోజు నా జట్టులో సెంటర్, ఇప్పటికీ నాకన్నా చెయ్యెడు పొడుగు. "ఏమంటుంది మహాతల్లి? టేపు మైకు దగ్గర పెట్టేయనా?" అని అడిగింది.

"వద్దు. టేపు వినిపిస్తే జనం నోరు వెళ్ళబెట్టి, ఇంటికెళ్ళేలోపు మర్చిపోతారు. ఫార్వర్డులకీ గీత దాటే హక్కు లేదు డెల్ఫీన్. దాని కాళ్ళూ హార్లోలో పెరిగినవే. ఇవాళ అది బంతి తీసుకుని గీత దగ్గరికి రాగానే వెనకనుంచి నేనూ అదే కేక వేస్తాను. ఇంతమంది ముందు అదీ కొయ్యబారితే అప్పుడడుగుతాను, ఏమే మార్వా, ఇప్పుడు చెప్పు, ఆగేది కాళ్ళా, ఆపేది కేకా అని. మైకు కూడా దాని మెడలోనే ఉందిగా."

డెల్ఫీన్ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు చర్చికెళ్ళే మనిషివనుకున్నానే."

"ఆదివారం వెళ్తాను. ఇవాళ శనివారం."

కుక్క కాటుకి చెప్పుదెబ్బ. అంతకన్నా న్యాయమైన సంగతి ఈ భూమ్మీద లేదని ఆ నిమిషాన నాకనిపించింది.

ఆట మొదలైంది. యాభై దాటిన ఆడవాళ్ళం, రెండు నిమిషాలకే ఆయాసం. జనం మాత్రం బాగా వచ్చారు, రెండు వేల మందికి తక్కువుండరు. తల నెరిసిన ఆడవాళ్ళే ఎక్కువ. అందరూ ఎక్కడో ఒకచోట ఆరుగురి ఆట ఆడినవాళ్ళే. మైకులో మార్వా గొంతు గలగలా వినిపించాలి నిజానికి. అదేమో నోరు మెదపడం లేదు. దాని ఊపిరి మాత్రం హాలంతా బుసబుసలాడుతోంది. పైనుంచి ఎవడో "కాళ్ళమ్మ కథ చెప్పు మార్వా!" అని అరిచాడు. అది విననట్టు ఊరుకుంది. నాకు మాత్రం వినబడింది. ఇంకో మూడు నిమిషాలు ఓర్చుకో నాయనా, కొత్త కథ చెప్తాను అనుకున్నాను.

ఇంకా నలభై సెకన్లున్నాయనగా డెల్ఫీన్ వేసిన బంతి బుట్ట అంచుకి తగిలి మార్వా చేతుల్లో పడింది. అది గిరుక్కున తిరిగింది. ముందు ఎవరూ లేరు. బంతి కొట్టుకుంటూ పరుగందుకుంది. నేను వెనకే. అప్పుడు నేను ఎక్కడున్నానో ఇప్పుడదక్కడ, అప్పుడదెక్కడుందో ఇప్పుడు నేనక్కడ. గీత ఇంకా నాలుగు అడుగులుంది. మూడు. ఇరవై ఏడేళ్ళ కసినంతా గుండెల నిండా పీల్చి నోరు తెరిచాను.

"గీతరోయ్!"

మార్వా ఆగిపోయింది. బూట్లు కీచుమన్నాయి. బంతి దాని చేతులు దాటి ఒంటరిగా దొర్లుకుంటూ పోయింది. గ్యాలరీలో ముసలమ్మలు వందమంది ఒక్కసారి కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. తర్వాత హాలంతా గొల్లుమంది.

నేను నోరు తెరుచుకునే ఉన్నాను. పీల్చిన గాలి పీల్చినట్టే గుండెల్లో ఉంది. నేను ఇంకా అరవలేదు.

కేక నా ఎడమ పక్కనుంచి వచ్చింది. రేడియో గరగర లేకుండా, పక్కనున్న మనిషి పిలిచినట్టు. ఆ గొంతుని క్యాసెట్‌లో నలభైసార్లు విన్నాను. అంతకు ముందు పదేళ్ళు ప్రతి శుక్రవారం విన్నాను. మెల్లగా తల తిప్పాను.

మూడో వరసలో అమ్మ నిలబడి ఉంది. ఊలు ఉండ మెట్ల మీద దొర్లుతోంది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని ఉంది, ఇంకో మాట బయటికి రాకుండా.

చుట్టూ జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పక్కావిడ అమ్మ భుజం తట్టి, "అలవాటు పోలేదా వెల్డమ్మా!" అంటోంది. అవును, అలవాటే. బిడ్డ గీత దాటి బంతి పోగొట్టుకుంటుందేమోనని పదేళ్ళు అరిచిన తల్లి అలవాటు. ఒమాహాలో రూలు వేరని ఆ ఒక్క క్షణం మర్చిపోయిన నోరు. ఆ తర్వాత మళ్ళీ జిమ్ గడప తొక్కకపోవడం నా మీద సిగ్గుతో కాదు. చిల్లీలో రొట్టె ముంచలేకపోవడం చలికి కాదు. ఇవాళ ఆవిణ్ణి తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేనే. నా పగంతా ఒక్కసారి నా మీదికే తిరిగింది.

మార్వా గ్యాలరీ వైపు చూడలేదు. గీత మీద నిలబడి నా మొహంలోకే చూస్తోంది. దానికి ముందే తెలుసు. టేపు రెండోసారి విన్నప్పుడు తెలిసిందా, ఒమాహాలోనే తెలుసా అన్నది నాకు తెలీదు. కాలరు దగ్గరి మైకు నోటికి దగ్గరగా పట్టుకుంది.

"నవ్వింది చాలు, ఒక్క మాట వినండి" అంది. పెట్టెల్లోంచి దాని గొంతు హాలంతా పరుచుకుంది. "మొదటి ఆల్‌స్టార్ ఆటలో కూడా సరిగ్గా ఇలాగే ఒక కేక పడింది. అరిచింది నేనే. ఆర్డిస్ కాళ్ళు ఆగలేదు. నేను ఆపాను. ఆపి, కప్పు తీసుకుని, ఇన్నేళ్ళూ దాన్నే మీ అందరిచేతా తిట్టించాను. ఆ గోడ మీది రాత అబద్ధం. రాసింది కూడా నేనే."

ఇన్నేళ్ళూ ఏ మాట కోసం నేను పళ్ళు నూరుకున్నానో ఆ మాట, అక్షరం పొల్లుపోకుండా, దాని నోటితోనే, అందరి ముందూ వచ్చేసింది. పైవరసలో ఎవరో ఛీ అన్నారు. ఇంకెవరో అందుకున్నారు. చూస్తుండగానే ఆ ఛీఛీలు వరస వరసకీ పాకి కిందికి దిగాయి. కాళ్ళమ్మ కథ చెప్పమన్న గొంతు కూడా అందులో ఉంది.

మార్వా అరచేత్తో మైకు మూసి నా చెవి దగ్గరికి వంగింది. "నీ పగ తీరిందా? పలక కూడా దిగిపోతుంది. ఇక ఆ టేపు పొయ్యిలో వేసెయ్. నువ్వు నోరు మూసుకుంటే చాలు, ఇంకెవరికీ ఏమీ తెలియక్కర్లేదు."

"ఎందుకే నువ్వు..."

"నీకోసం కాదులే" అని కాలరు నుంచి మైకు ఊడదీసి నా చేతిలో పెట్టింది. "జనం నిన్ను మాట్లాడమంటున్నారు. థాంక్స్ చెప్పి వెళ్ళిపో."

నిజంగానే జనం లేచి నిలబడి నా పేరు అరుస్తున్నారు. ఆర్డిస్, ఆర్డిస్ అని. కాళ్ళమ్మ అని ఒక్కరూ అనడం లేదు. డెల్ఫీన్ రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తూ నవ్వుతోంది. గోడ దగ్గర తెర తాడు పట్టుకున్నవాళ్ళు, తియ్యాలా వద్దా తెలీక మార్వా వైపూ నా వైపూ చూస్తున్నారు. గడియారం మూడుకి నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. థాంక్స్ అని ఒక్క మాటంటే చాలు, గోడ నాది, పేరు నాది, మార్వా జన్మలో తలెత్తుకోదు. నేను కోరుకున్నది అదే కదా.

అంతలో అమ్మ మెట్లు దిగడం చూశాను. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ, మార్వాని ఛీ అంటున్న జనాన్ని తప్పించుకుంటూ వస్తోంది. కోర్టు అంచున గీత దాకా వచ్చి, అలవాటు ప్రకారం, దాని ముందు ఆగింది. మార్వా తల అడ్డంగా ఊపుతూ వద్దని సైగ చేసింది. అమ్మ దాని వైపు చూడలేదు. కిందికి చూసింది, ఒక్క క్షణం తటపటాయించింది, తర్వాత గీత దాటి కోర్టులోకి అడుగు పెట్టింది.

నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ఆ మైకు నాకియ్యవే ఆర్డీ."